పిల్లల వైద్యం: పోయిన టీకా కార్డు, చేతికందిన చుక్కల మందు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చినప్పుడు మా బాబుకు ఐదు నెలలు. బియ్యం బస్తాలతోపాటు వాడి టీకాల కార్డు కూడా నీళ్ళపాలైంది. తరువాత కొన్నాళ్ళు గుడివాడ దగ్గర మా పుట్టింట్లో ఉండి, తొమ్మిదో నెల సూదులు అక్కడే వేయించాను. ఇప్పుడు బాబుకు ఏడాదిన్నర దాటింది. కొత్తగా మారిన ఇంటి దగ్గర పిల్లల డాక్టరు గారు పాత కార్డు తెమ్మంటున్నారు. టీకాలన్నీ మళ్ళీ మొదటినుంచి వేయించాలా?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అక్కరలేదమ్మా. రెండు డోసుల మధ్య అనుకున్నదానికంటే ఎక్కువ ఎడం వచ్చినా, ఆగిన చోటినుంచి కొనసాగించడమే పద్ధతి. అయితే ఎక్కడ ఆగిందో తెలియాలి కనుక మీ డాక్టరు గారు కార్డు అడిగారు. అడగకుండా సూది వేసే చోటికంటే అడిగే చోటే మంచిదని నేనంటాను.

కార్డు పోయినా లెక్క పూర్తిగా పోయినట్టు కాదు. మొదటి సూదులు వేసిన పట్టణ ఆరోగ్య కేంద్రంలోనూ, మీ పుట్టింటి ఊరి ఉపకేంద్రంలోనూ ఏఎన్ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) రిజిస్టరు ఉంటుంది. వరదలో ఒక రిజిస్టరు తడిసిపోయినా రెండోది ఉండవచ్చు. పైగా ప్రభుత్వం టీకాల వివరాలను ఇప్పుడు యూ-విన్ అనే పోర్టల్‌లో నమోదు చేయిస్తోంది కనుక, ఆ రోజుల్లో మీరిచ్చిన ఫోను నంబరు చెప్పి బాబు పేరు వెతకమని ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడగండి. కాన్పు జరిగిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం ఉంటే, పుట్టగానే వేసే బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా), పోలియో చుక్కలు, హెపటైటిస్-బి సంగతి అందులో కనిపిస్తుంది. ఎడమ భుజం మీద చిన్న మచ్చ ఉంటే బీసీజీ వేసినట్టే; మచ్చ లేనంత మాత్రాన వేయలేదని అనుకోవద్దు, కొందరు పిల్లలకు మచ్చ పడదు.

ప్రభుత్వ పట్టిక ప్రకారం 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి వేసే ఒకే సూది), పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా వేసే రోటావైరస్ చుక్కలు పడి ఉండాలి. న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా 6, 14 వారాలకు, మళ్ళీ తొమ్మిదో నెలలో వేస్తారు. తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ సూది మొదటి డోసు, విటమిన్-ఎ మొదటి మోతాదు కూడా తొమ్మిదో నెలవే. మీ బాబుకు ఇప్పుడు జరగవలసినవి 16 నుంచి 24 నెలల మధ్య పడే డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసేది) బూస్టరు, అంటే బలపరిచే డోసు, పోలియో బూస్టరు, ఎంఆర్ రెండో డోసు. పాత లెక్క వెతికే పనిలో పడి వీటిని వాయిదా వేయకండి. ఎంత వెతికినా ఆధారం దొరకని టీకాను వేయనట్టుగానే భావించి, ఈ వయసుకు వేయదగినదైతే వేస్తారు. ఒక డోసు అదనంగా పడినందువల్ల సాధారణంగా ప్రమాదమేమీ ఉండదు, పడకపోవడం వల్లనే ఉంటుంది.

కొత్త కార్డు చేతికి రాగానే ప్రతి పుటనూ ఫోనులో ఫొటో తీసి, మీ అమ్మగారి ఫోనుకు కూడా పంపి ఉంచండి. కార్డు వెనుక ఉండే బరువు గీతను కూడా వదలవద్దు. మన ఇళ్ళలో చంటిబిడ్డ కార్డంటే సూదుల కార్డనే అనుకుంటారు గానీ, నెలనెలా ఒకే తూకం మీద చూసిన బరువు చెప్పినంత స్పష్టంగా పిల్లవాడి ఆరోగ్యాన్ని ఏ రక్త పరీక్షా చెప్పదు. పుట్టినప్పటి బరువు అయిదు నెలలకు సుమారు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. ఆ గీత పైకి వెళ్ళకుండా రెండు మూడు నెలలు అడ్డంగా నడిస్తే, పిల్లవాడు ఆడుకుంటూనే ఉన్నా డాక్టరు ఆగి చూడవలసిందే.

ప్రశ్న: మా పాపకు మూడేళ్ళు, 12 కిలోలు. జ్వరం వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ఒక చెంచా పోస్తాం. ఈమధ్య మా అత్తగారు మరిది గారి చంటిబిడ్డకు తెచ్చిన చుక్కల మందు సీసాలోంచి పోయబోతే నేను ఆపాను. రెండూ ఒకే మందు కదా అని ఆమె కోప్పడ్డారు. ఎవరిది తప్పు?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మందు ఒకటే, గాఢత ఒకటి కాదు. ఎక్కువగా దొరికే సిరప్‌లలో ఒక రకానికి 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు, ఇంకో రకానికి 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉంటుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. ఒకసారికి కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు దాటకూడదు కనుక మీ పాపకు 180 మిల్లీగ్రాములు సరిపోతుంది. అది మొదటి సిరప్‌లో 7.5 మిల్లీలీటర్లు, రెండో దానిలో 3.6, చుక్కల మందులో 1.8 మాత్రమే. మొదటి సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే 750 మిల్లీగ్రాములు లోపలికి వెళుతుంది, అంటే నాలుగింతలకు పైన. అలా రెండు మూడు సార్లు జరిగితే కాలేయం దెబ్బతినవచ్చు. ఈసారికి మీరు ఆపడమే సరైనది. అత్తగారితో ఆ మాట మెల్లగా చెప్పండి.

వంటింటి చెంచాను పక్కన పెట్టి, సీసాతో వచ్చే గీతల మూతను గానీ సూది లేని సిరంజిని గానీ వాడండి. డోసుకూ డోసుకూ మధ్య ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. కొన్ని జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది కనుక రెండూ కలిపి పోయవద్దు. వానాకాలంలోనూ ఆ తరువాతా మన విజయవాడ, గుంటూరులలో దోమలతోపాటు డెంగీ కూడా ఉంటుంది కాబట్టి, డాక్టరు చెప్పకుండా ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం ఉన్న జ్వరం మందులు ఇవ్వవద్దు. డెంగీలో జ్వరం తగ్గిన రోజే గండం మొదలు కావచ్చు: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే, జ్వరం లేదు కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో పని చేస్తాను. మా వాడికి మూడేళ్ళు. నెలకోసారి దగ్గు, పిల్లికూతలు. మా వీధి చివర పిల్లల డాక్టరు గారు దగ్గు మందు రాయనని, మాస్కు ఉన్న గొట్టంతో ఇన్‌హేలర్ ఇచ్చారు. ఇన్‌హేలర్ అలవాటైతే మానలేమని అందరూ భయపెడుతున్నారు. డాక్టరును మార్చాలా?
— ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మార్చవద్దు. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. సిరప్ కడుపులోకి పోయి రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇన్‌హేలర్‌లో మందు చాలా తక్కువ మోతాదులో నేరుగా అక్కడికే వెళుతుంది. పిల్లవాడు కుదుటపడ్డాక దాన్ని ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో ఆ డాక్టరు గారే చెబుతారు. మధ్యలో మీ అంతట మీరు మానకండి. దగ్గు మందు రాయకపోవడం కూడా ఆయన జాగ్రత్తే. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగిన పిల్లలు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల విభాగం, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా అవసరం లేదని సూచించింది.

మీ వంతుగా ఒక పని ఉంది. యార్డు నుంచి రాగానే పిల్లవాడిని ఎత్తుకోవాలని మీకు ఉంటుంది, వాడికీ ఉంటుంది. అయినా ఆ బట్టలు విప్పి, స్నానం చేసి ఎత్తుకోండి. మిర్చి ఘాటు పెద్దవాళ్ళకే తుమ్ములు తెప్పిస్తుంది.

ప్రశ్న: రాత్రివేళ క్లినిక్ మూసి ఉంటే, పొద్దున్నదాకా ఆగవచ్చో లేదో ఎలా తెలుసుకోవాలి?
— తాడేపల్లి

జవాబు: మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఆగకూడదు. ఏ వయసు పిల్లలకైనా ఫిట్స్ వచ్చినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నా, పాలూ నీళ్ళూ పట్టకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, లేపితే లేవకపోయినా అంతే. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం పొట్ట కదలికను చూసి ఊపిరి లెక్కపెట్టండి: రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే, 108కి ఫోను చేసి విజయవాడ లేదా గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పిల్లవాడి కార్డు, అప్పటిదాకా పోసిన మందు సీసాలు సంచిలో వేసుకుని వెళితే, అక్కడి డ్యూటీ డాక్టరుకు సగం ప్రశ్నలు తప్పుతాయి.