అమెరికా హైస్కూలులో నాలుగేళ్ల కోర్సులు: తొమ్మిదో తరగతికి ముందే వేసుకోవలసిన లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి పిల్లలతో సహా అమెరికాకు బయలుదేరుతున్న తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా అమ్మాయి మిర్యాలగూడలో ఎనిమిది పూర్తి చేసింది, అక్కడికి వచ్చాక ఎంపీసీ ఇప్పించాలా, బైపీసీ ఇప్పించాలా?" మన దగ్గర పదో తరగతి దాకా పిల్లలందరూ ఒకే పాఠాలు చదువుతారు, పబ్లిక్ పరీక్షలు అయిన వేసవిలో ఇంటి పెద్దలు కూర్చొని గ్రూపు ఏదో, కాలేజీ ఏదో తేల్చేస్తారు. అమెరికాలో అటువంటి ఒక్క పెద్ద నిర్ణయం ఎక్కడా ఎదురుకాదు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏటా ఏడెనిమిది కోర్సులను విద్యార్థే ఎంచుకోవాలి, ఈ ఏడాది వదిలేసిన కోర్సు వల్ల రెండేళ్ల తర్వాత మరొక కోర్సుకు అర్హత లేకుండా పోవచ్చు. కాబట్టి నిర్ణయం లేదనుకొని ఊరుకున్న కుటుంబాలే ఎక్కువగా నష్టపోతున్నాయి. నేను టెక్సస్‌లో స్థిరపడినందువల్ల ఇక్కడి నిబంధనలే చెబుతున్నాను. రాష్ట్రాన్ని బట్టి అంకెలు మారినా ఆలోచించవలసిన తీరు మాత్రం ఒకటే.

ముందుగా గ్రహించవలసినది, ఇక్కడ తొమ్మిదో తరగతి మార్కులు లెక్కలోకి వస్తాయన్న సంగతి. మన ఊళ్లలో తొమ్మిదిని పదికి సన్నాహంగానే చూస్తాం, ఆ ప్రోగ్రెస్ రిపోర్టును మళ్లీ ఎవరూ అడగరు. ఇక్కడ తొమ్మిదిలో మొదటి సెమిస్టరు నుంచి ప్రతి కోర్సులో వచ్చిన గ్రేడు ట్రాన్‌స్క్రిప్టులో (నాలుగేళ్ల గ్రేడుల పట్టికలో) నమోదై, విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసే నాటికి అలాగే కనిపిస్తుంది. ఎస్సెస్సీలో 35 మార్కులు వస్తే ఉత్తీర్ణత. టెక్సస్‌లో 70 రాకపోతే ఆ కోర్సుకు క్రెడిట్, అంటే కోర్సు పూర్తయినట్టు లెక్క, రాదు. చివర్లో ఒక్క పరీక్ష బాగా రాసి గట్టెక్కవచ్చన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వారం వారం ఇచ్చే హోంవర్కు, క్విజ్‌లు, ప్రాజెక్టులు అన్నీ గ్రేడులో కలుస్తాయి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించవలసినది గణితం. మన పుస్తకంలో బీజగణితం, రేఖాగణితం, త్రికోణమితి ఒకే ఏడాదిలో అధ్యాయాలుగా వస్తాయి. ఇక్కడ ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ అని ఏడాదికొక మెట్టు ఉంటుంది. ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 ముగించిన పిల్లలు మామూలు నడకతోనే పన్నెండులో కాలిక్యులస్‌కు చేరుకుంటారు. తొమ్మిదిలో మొదలుపెట్టినవారు ప్రీకాలిక్యులస్ దగ్గర ఆగిపోతారు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరు అందడమన్నది పైన తూము ఎప్పుడు ఎత్తారన్నదాని మీద ఆధారపడినట్టే, పన్నెండో తరగతి గణితం ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ఖాయమవుతుంది. ఇంజనీరింగ్ చదివించాలనుకొనే తల్లిదండ్రులు ఈ సంగతిని పదకొండులో తెలుసుకొని బాధపడటం నేను చాలాసార్లు చూశాను.

వెనుకబడిన పిల్లలకు దారి లేకపోలేదు. జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకే ఏడాదిలో కలిపి తీసుకోవచ్చు, లేదా ఒకదాన్ని వేసవిలో పూర్తి చేయవచ్చు. టెక్సస్‌లో క్రెడిట్ బై ఎగ్జామ్ అనే పద్ధతి కూడా ఉంది: కోర్సును తరగతిలో చదవని విద్యార్థి ఆ పరీక్షలో 80 శాతం తెచ్చుకుంటే దాన్ని దాటి ముందుకు వెళ్లవచ్చు, ఇటువంటి పరీక్షలను స్కూల్ డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఏడాదికి కనీసం 4 సార్లు నిర్వహించాలి. అయితే ఎనిమిది పూర్తి చేసి వచ్చిన పిల్లలకు వర్గ సమీకరణాలు ఇంకా రావు, అవి మనకు పదిలో వస్తాయి; కాబట్టి ప్రత్యేకంగా చదవకుండా ఆల్జీబ్రా 1 పరీక్షకు కూర్చోబెట్టడం తగదు. పది పూర్తి చేసినవారు ఆల్జీబ్రా 1, జామెట్రీ పరీక్షలు రాయగలరు. ఆల్జీబ్రా 2 మాత్రం తరగతిలో చదవడమే మేలని నా అభిప్రాయం; సంకీర్ణ సంఖ్యల వంటివి మనకు ఇంటర్‌లో గాని రావు, పైగా గ్రాఫింగ్ కాలిక్యులేటరు వాడే నేర్పు అక్కడే అలవడుతుంది.

ఇక క్రెడిట్లు. టెక్సస్‌లో ఎండార్స్‌మెంటుతో హైస్కూలు పూర్తి చేయడానికి 26 క్రెడిట్లు కావాలి: ఇంగ్లీషు, గణితం, సైన్సు నాలుగేసి, సోషల్ 3, పరభాష (ఇంగ్లీషు కాక మరొకటి) 2, ఫైన్ ఆర్ట్స్ 1, వ్యాయామ విద్య 1, మిగిలిన 7 ఎలెక్టివ్‌లు (ఇష్టప్రకారం ఎంచుకొనేవి). ఎండార్స్‌మెంటు అంటే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం), బిజినెస్, ప్రజాసేవ, కళలు, బహుళ విభాగాలు అన్న 5 దారులలో ఒకటి. దీనిని తొమ్మిదిలోకి అడుగుపెట్టేటప్పుడే రాసి ఇవ్వాలి గాని తర్వాత మార్చుకోవచ్చు, ఇంటర్ గ్రూపులాగా ముడిపడి ఉండేది కాదు. ఎంపీసీ, బైపీసీ ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. ఒకే విద్యార్థి ఏపీ బయాలజీ, ఏపీ కాలిక్యులస్ రెండూ చదవవచ్చు (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూలులోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు). వైద్య విద్య సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ తర్వాత గాని మొదలు కాదు గనుక, పద్నాలుగేళ్ల అమ్మాయి చేత డాక్టరా, ఇంజనీరా అని చెప్పించవలసిన అవసరం ఎవరికీ లేదు.

పరభాష విషయంలో మన పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. తెలుగును ఒక సబ్జెక్టుగా చదివి, రాయడం, చదవడం వచ్చిన పిల్లలకు కొన్ని డిస్ట్రిక్టులు తెలుగు పరీక్ష ద్వారానే పరభాష క్రెడిట్లు ఇస్తాయి. అలా దొరికిన పీరియడులో కంప్యూటర్ సైన్సు తీసుకోవచ్చు. కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే స్కూలు కౌన్సిలరు తనంతట తాను చెబుతారని ఎదురుచూడకుండా మీరే అడగండి.

కొత్తగా వచ్చిన పిల్లలు గణితంలో కంటే ఇంగ్లీషులోనూ చరిత్రలోనూ ఎక్కువగా తడబడతారు. మన పరీక్షలలో పుస్తకంలోని జవాబును పుస్తకంలోని మాటలతోనే రాయడం అలవాటు. ఇక్కడ ఒక వాదాన్ని తీసుకొని, ఆధారాలు చూపి, సొంత మాటలలో వ్యాసం రాయాలి. ఇంగ్లీషు మీడియంలో చదివిన అమ్మాయికి కూడా ఇది కుదరడానికి ఏడాది పడుతుంది. చేరేటప్పుడు ఇచ్చే ఇంటి భాష పత్రంలో తెలుగు అని రాస్తే ఇంగ్లీషు పరీక్ష పెడతారని భయపడి కొందరు ఇంగ్లీషు అని రాస్తున్నారు. దయచేసి నిజమే రాయండి, సహాయం అవసరమైన పిల్లలకు దొరికే సహాయాన్ని మన చేతులతో మనమే పోగొట్టవద్దు. మొదటి ఏడాది ఒక ఏపీ కోర్సు చాలు, అదీ బలంగా ఉన్న సబ్జెక్టులో. ఇరుగుపొరుగు తెలుగు పిల్లలు నాలుగు తీసుకున్నారన్న కారణం మీ అమ్మాయికి వర్తించదు.

ఏపీ కోర్సుకు మే నెలలో 1 నుంచి 5 స్కోరుతో పరీక్ష ఉంటుంది. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలా కోర్సులకు 3 నుంచే క్రెడిట్ ఇస్తాయి, పేరున్న ప్రైవేటు సంస్థలు చాలా వరకు 4 గాని 5 గాని అడుగుతాయి. డ్యుయల్ క్రెడిట్ కోర్సులు దీనికి భిన్నమైనవి: అవి హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ లెక్కకు వచ్చే కోర్సులు, ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీ (స్థానికంగా ఉండే రెండేళ్ల కాలేజీ) ఇచ్చేవి, అందులో వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా నిలిచిపోయి, రేపు మెడికల్ స్కూలు దరఖాస్తులో కూడా లెక్కకు వస్తుంది. తేలికని విని పదిలోనే వాటిలో చేర్పించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

టెక్సస్‌లో 1997 చట్టం ప్రకారం తరగతిలో మొదటి 10 శాతం విద్యార్థులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం ఖాయం; ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం మాత్రం 2026 ప్రవేశాల నుంచి దానిని 5 శాతానికి తగ్గించింది. ఈ హామీ విశ్వవిద్యాలయానికే గాని కోరిన బ్రాంచికి కాదు. హెచ్ 4 వీసా (హెచ్ 1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు, పదకొండులో అక్టోబరులో రాసే పీశాట్ పరీక్ష మీద ఆధారపడిన నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు కూడా పౌరసత్వమో, గ్రీన్‌కార్డో, కనీసం దానికి పెట్టిన దరఖాస్తో ఉండాలి. అందువల్ల ఆ స్కాలర్‌షిప్ కోసమే కోచింగులో వేలు ఖర్చు పెట్టేముందు వీసా స్థితిని చూసుకోండి.

పది పూర్తి చేసి వచ్చేవారిని మామూలుగా పదకొండులో చేర్చుకుంటారు. అమెరికా చరిత్ర, గవర్నమెంట్, ఎకనామిక్స్, ఇంగ్లీషు 3, 4 అన్నీ రెండేళ్లలో పూర్తి చేయాలి కాబట్టి, తొమ్మిది, పది తరగతుల చదువుకు క్రెడిట్లు ఎన్ని దక్కుతాయన్నదే వారికి ప్రధానం. ఇంటర్ మొదటి ఏడాది అయిపోయిన పిల్లలను మాత్రం, ఇంట్లో చూసుకొనేవారుంటే, రెండో ఏడాది పూర్తి చేయించి తీసుకురావడమే మంచిదని నేను చెబుతాను.

బయలుదేరే ముందు ఎనిమిది, తొమ్మిది తరగతుల ప్రోగ్రెస్ రిపోర్టులను ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్రతో ఇంగ్లీషులో తీసుకోండి. ఎస్సెస్సీ మెమో ఒక్కటి ఉంటే చాలనుకొని వీటిని పారేయవద్దు. స్టడీ సర్టిఫికెట్, టీసీ, టీకాల రికార్డులతో పాటు గణితం, సైన్సు పుస్తకాల విషయసూచిక పేజీలను కూడా ఫోటో తీసి ఉంచుకోండి. ఇక్కడ వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక జనవరి నుంచి మార్చి లోపే జరిగిపోతుంది, ఆగస్టులో వచ్చినవారికి మిగిలిన సీట్లే దక్కుతాయి. ఇంటి చిరునామా ఖాయం కాగానే స్కూలు రికార్డులు చూసే రిజిస్ట్రారుకు ఈ కాగితాలు ఈమెయిలులో పంపి, స్కూలు కోర్సు క్యాటలాగు చూసి, తెల్లకాగితం మీద నాలుగు గడులు గీసి, పన్నెండు నుంచి వెనక్కి తొమ్మిది దాకా మీ అమ్మాయి చేతనే నింపించండి. ఏటా జనవరిలో ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని కౌన్సిలరుతో మాట్లాడండి.