తమ్ముడికి తెలియనిది అమ్మకు తెలుసు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి 28 ఏళ్ల సోదరి రాశారు. నాన్న పోయాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. విశాఖలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడి ఫీజూ ఆమే కడుతున్నారు. ఒక రాత్రి తన అభిమాన హీరో ఫేస్‌బుక్ గ్రూపులో పేరు లేకుండా, 'ఫీజు కట్టిన ప్రతిసారీ నా పెళ్లి వెనక్కి పోతోంది. ఈమధ్య తమ్ముడి ఫోన్ వస్తేనే విసుగొస్తోంది' అని రాసుకున్నారట. అభిమానులు రెండు జట్లయి వాదించుకున్నారు. 'తమ్ముడి దగ్గర లెక్కలు చూసేది అక్కేంటి?' అని అందులో రాసినవాడు సాక్షాత్తూ ఆమె తమ్ముడే. ఆ పోస్టు ఎవరిదో వాడికి తెలియదు. 'నాదేనని చెప్పాలా, వద్దా?' అని ఈమె ప్రశ్న.

వద్దు. ఈ రోజే దాన్ని తీసేయండి. ఫేస్‌బుక్ గ్రూపులో పేరు దాచి రాసినా అడ్మిన్లకు మీ పేరు కనిపిస్తూనే ఉంటుంది.

నన్ను బాధపెట్టింది మీరు ఉత్తరం మధ్యలో రాసి వదిలేసిన మాట. ఫీజంతా నాన్న దాచిన డబ్బేనని అమ్మ వాడికి చెప్పిందన్నారు. మరి వాడికి మీ కష్టం ఎలా తెలుస్తుందమ్మా?

అమ్మ ఎందుకలా చెప్పిందో నాకు తెలుసు. ఆడపిల్ల సంపాదన తింటున్నారని నలుగురూ అంటారని భయం, కొడుకు చిన్నబోతాడని భయం. తమ్ముణ్ని చదివించడం మీ బాధ్యతే, అందులో నాకు రెండో మాట లేదు. తండ్రి లేని ఇంట్లో పెద్దపిల్ల చెయ్యక ఎవరు చేస్తారు? కానీ చేసింది చేసినట్టు తెలియకుండా దాచే హక్కు కన్నతల్లికి కూడా లేదు. ఇన్నాళ్లూ అమ్మ ముందు నోరు మెదపలేదు కాబట్టే తమ్ముడి ఫోన్ మీద విసుక్కుంటున్నారు.

ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు, 'ఈసారి ఫీజు సంగతి వాడికి నేనే చెబుతానమ్మా' అనండి. అనుమతి అడగకండి. ఏడుస్తుంది, 'మీ నాన్నే ఉంటే' అంటుంది. ఏడవనివ్వండి, మాట మాత్రం వెనక్కి తీసుకోకండి. తమ్ముడు సెలవులకి వచ్చినప్పుడు మీ జీతం, ఇంటి ఖర్చు, ఫీజు రసీదులు వాడి ముందు పెట్టండి. గ్రూపులో వాడన్న మాట ఎత్తొద్దు. మిగిలిన చదువుకి ఇద్దరూ కలిసి బ్యాంకులో విద్యా రుణం అడగండి. 4 లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. ఉద్యోగం వచ్చాక వాడే తీర్చుకుంటాడు.

ఒడియా బడిలో చదివిన మీకు తెలుగులో మనసు విప్పుకునే చోటు ఆ గ్రూపొక్కటే అన్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినా ఇళ్లల్లో తెలుగు పోలేదు, మీలాంటివాళ్ల ఆరాటం నాకు అర్థమవుతుంది. హీరో గురించి ఎంతైనా రాయండి, గొడవపడండి. ఇంటి సంగతి మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్ల తీర్పుకి పెట్టకండి.

సంబంధాలు చూడమని కూడా అమ్మకి అదే రోజు చెప్పండి.