చిన్నా, ఆ ట్రిగ్గర్ డబ్బా ఇంకా విప్పకు

చిన్నా,

నువ్వు ఏఆర్-15 రైఫిల్ కొన్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదికే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుని, పద్ధతిగా కొన్నావు. సంతోషపడ్డాను. ఆ తర్వాత మాటల్లో, దానికేదో ఫోర్స్‌డ్ రీసెట్ ట్రిగ్గర్ తెప్పించావట, ఆదివారం బిగిస్తావట అన్నాడు. అదేమిటో అన్నయ్యకు తెలీదు. నాకు తెలుసు. ప్రతి గుండు తర్వాత ట్రిగ్గర్‌ని దానంతటదే ముందుకు తోసి, గుళ్లు గబగబా పేలేలా చేసే సామాను అది. అందుకే నిద్రపట్టక నాలుగింటికే లేచి రాస్తున్నాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. లోడ్ అయి ఉందనే అనుకో, గొట్టం మనుషుల వైపు తిప్పకు, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉంచు.

ఈ ట్రిగ్గర్ల మీద మేం కాల్చడానికి వెళ్ళే షూటింగ్ రేంజ్‌లో ఎప్పటినుంచో గొడవే. కొందరు, ప్రతి గుండుకీ ట్రిగ్గర్ ముందుకొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సిందే కాబట్టి ఇది మెషిన్ గన్ కాదంటారు. 1934 నాటి చట్టం ప్రకారం మెషిన్ గన్ అనాలంటే ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటి కన్నా ఎక్కువ గుళ్లు పేలాలి. బంప్ స్టాక్ అంటే తుపాకీ వెనక్కి తన్నే ఊపుతోనే గుళ్లు వరసగా పేలేలా చేసే రైఫిల్ మడమ. 2024 జూన్‌లో దాని కేసులో సుప్రీంకోర్టు 6-3తో, ఆ లెక్కన అది మెషిన్ గన్ కాదని తేల్చింది. వాళ్ళ వాదన తప్పనను. జింకల వేటకెళ్ళే పెద్దవాళ్ళది ఇంకో బాధ. 2017లో లాస్ వెగస్ మారణకాండలో బంప్ స్టాక్‌లే వాడారు, ఇలాంటిది ఇంకోటి జరిగితే అందరి రైఫిళ్ల మీదా పడతారని వాళ్ళ భయం.

నా భయం వేరు. ఇవే ట్రిగ్గర్లను 2021లో ఏటీఎఫ్, అదే తుపాకుల చట్టాలు చూసే కేంద్ర సంస్థ, మెషిన్ గన్లంది, కొన్నవాళ్ళ ఇళ్ళకెళ్ళి తీసుకుంది. 2025 మేలో ప్రభుత్వమే తయారీదారుతో రాజీపడింది. రేపు మళ్ళీ మాట మారితే? ఇక్కడ పుట్టినవాడు లాయర్‌ని పెట్టుకుని పోరాడతాడు. రిజిస్టర్ కాని మెషిన్ గన్ దగ్గరుంటే పదేళ్ల దాకా జైలు. సిటిజన్ కాని నీలాంటివాళ్ళు తుపాకీ కేసులో దోషిగా తేలితే దేశం నుంచే పంపించేయొచ్చు. నేను సిటిజన్ అయ్యేదాకా కొత్త పార్ట్ ఒక్కటీ కొనలేదు. కాలిఫోర్నియాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళేటప్పుడు అసలు ఆ రైఫిల్ కారెక్కించకు, అక్కడి చట్టాలు వేరు. ఇంకోటి, కోడలమ్మాయి ఇంకా హెచ్1బీ మీదే ఉంది. ఆ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర మామూలుగా తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. సేఫ్ కోడ్ తనకు చెప్పకు. దాచినట్టు కాదు, ఎందుకో కూర్చోబెట్టి చెప్పు.

ఇప్పుడు అసలు విషయం. మీ పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్ల కిందట, ఒక శనివారం. ఫ్రెండ్ రైఫిల్‌కి బైనరీ ట్రిగ్గర్ ఉంది. నొక్కితే ఒక గుండు, వదిలితే ఇంకో గుండు. నీది అది కాదు, తెలుసు. అప్పటికి పదేళ్లుగా కాలుస్తున్నాను, నాకు రాదా అనుకున్నాను. ముప్ఫై తూటాల మ్యాగజైన్ చిటికెలో అయిపోతుంటే చేతుల్లో ఏదో పూనకం. రెండో మ్యాగజైన్ సగంలో ఉండగా పక్క లేన్ పిల్లాడి టోపీ గాలికి గీత దాటి పడింది. రేంజ్ ఆఫీసర్ “సీజ్ ఫైర్” అని అరిచాడు. నా వేలు ట్రిగ్గర్ నొక్కే ఉంది. ఆ కేక వినగానే గొట్టం దించి వేలు తీసేయడం పదేళ్ల అలవాటు. అదే చేశాను. వేలు తీయగానే పేలింది.

గుండు బెంచీకి నాలుగడుగుల ముందు కంకరలో దిగింది. రాళ్లు ఎగిరాయి. పన్నెండేళ్లుంటాయేమో ఆ పిల్లాడికి. ఏడవలేదు. కళ్లజోడు తీసి, అద్దాల మీది దుమ్ము చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నా వైపు చూశాడు. వాళ్ళ నాన్న ఒక్క మాట అనలేదు, పిల్లాడి భుజం పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. నన్ను రేంజ్ నుంచి పంపించేశారు. న్యాయమే. పార్కింగ్‌లో తాళం కారు డోర్‌కి పెట్టలేకపోయాను, చెయ్యి అంతగా వణికింది.

వేలు నేర్చుకున్నది ఒకటి, ట్రిగ్గర్ చేసేది ఇంకోటి అయితే టెన్షన్‌లో గెలిచేది అలవాటేరా. నీ ట్రిగ్గర్‌కి వేలు బిగపట్టి ఉంచితే చాలు, ప్రతి గుండుకీ లోపల వెనక్కీ ముందుకీ కదిలే బోల్ట్ ట్రిగ్గర్‌ని ముందుకు తోస్తూనే ఉంటుంది, నువ్వు మళ్ళీ నొక్కుతూనే ఉంటావు. రెండనుకుంటే అయిదు పోతాయి, గొట్టం పైకి లేస్తుంది. నీకింకా ఒక్కో గుండుకి ఊపిరి బిగపట్టడమే అలవాటు కాలేదు. మీ తాత ఊళ్లో పందుల కోసం సింగిల్ బ్యారెల్ ఉంచుకునేవాడు, ఎన్నికలొస్తే స్టేషన్‌లో ఇచ్చొచ్చేవాడు. ఆయన తుపాకీ తీసిన రోజు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు.

తిట్టానని బాధపడకు నాన్నా. నువ్వు ఎయిర్‌పోర్టులో రెండు సూట్‌కేసులతో దిగిన రోజు ఇంకా నా కళ్ల ముందే ఉంది. ఆదివారం ఏమీ బిగించకు. శనివారం ఏడింటికల్లా మామూలు ట్రిగ్గర్‌తోనే రైఫిల్ తీసుకుని రా, అమ్మాయిని కూడా తీసుకురా. పిన్ని పెసరట్లు వేస్తానంది. తిన్నాక మనిద్దరం రేంజ్‌కి వెళ్దాం, ఒక్కోసారి ఒక్క తూటానే లోడ్ చేద్దాం.

మీ బాబాయ్