చిక్కీ యూనిట్ పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అనంతపురం నుండి మీ అత్త దీవించి రాయునది.

నువ్వు బెంగళూరు ఉద్యోగం వదిలేసి, కళ్యాణదుర్గం పక్కన మన ఊళ్ళోనే శెనక్కాయల చిక్కీ యూనిట్ పెట్టి, ఇరవై మంది ఆడవాళ్ళకు పని చూపిస్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అది మామూలు వ్యాపారం కాదనీ, లాభం కంటే సమాజం మేలు కోసం నడిపే సోషల్ ఎంటర్‌ప్రైజ్ అనీ రెండుసార్లు చెప్పాడు. వాడి గొంతులో కోపం ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. మన ఇంటి ఆడపిల్ల ఒక సంస్థ పత్రాల మీద సంతకం చేయబోతోందంటే నాకూ సంతోషమే, కానీ ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. స్వచ్ఛంద సంస్థల్లో లెక్కల పుస్తకాలు రాస్తూ ఉద్యోగమంతా గడిపినదాన్ని కనుక నా భయాలు జీతాల రిజిస్టరు చుట్టూనే తిరుగుతాయి. ఓపిక చేసుకుని చదువు.

ఆహార భద్రతకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, జీఎస్‌టీ, బ్యాంకులో కరెంటు ఖాతా, ముద్ర వేయించిన కాటా, ఇవన్నీ నీకు తెలిసినవే. తేమ ఆరని కాయలు, బూజు వాసన తగిలిన గింజలు ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు.

ఇక సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటే ఏమిటో నీ మనసులో నువ్వు ముందు తేల్చుకోవాలి. మన దేశంలో దానికంటూ ప్రత్యేకమైన చట్టం లేదు. ట్రస్టుగానో, సొసైటీగానో, సహకార సంఘంగానో, కంపెనీగానో ఎలా నమోదు చేసుకున్నా ఆ పేరు పెట్టుకోవచ్చు. ఇటువంటి సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్‌ఛేంజి కోసం, షేరు మార్కెట్టును నియంత్రించే సెబీ 2022లో ఒక కొలత పెట్టింది. సంస్థ ఆదాయంలోనో, ఖర్చులోనో, సేవలందుకునే వారిలోనో మూడేళ్ళ సగటున కనీసం 67 శాతం వెనుకబడిన వర్గాలకో ప్రాంతాలకో సంబంధించినదై ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. డబ్బు పెట్టేవారికి అది పనికివచ్చే కొలతే. కానీ పాకం దగ్గర నిలబడే మనిషికి ఆ సంస్థలో ఓటు ఉందా, ఆమెకు కూలి ఎంత ముడుతోంది అన్న ప్రశ్న ఆ 67 శాతం లెక్కలో రాదు.

బంగ్లాదేశ్‌లో బీదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకు స్థాపించి 2006లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ముహమ్మద్ యూనస్ గారు మరో గీత గీశారు. పెట్టుబడి పెట్టినవాడు తన అసలు మాత్రం వెనక్కి తీసుకోవచ్చు, లాభంలో పైసా తీసుకోకూడదు, మిగులంతా మళ్ళీ ఆ పనికే పోవాలి అన్నారు. ఇటలీ 1991లో చేసిన చట్టం పనిచేసేవారి వైపు నుంచి చూసింది. వికలాంగులు, జైలు నుంచి వచ్చినవారు, మత్తు అలవాటు నుంచి బయటపడుతున్నవారు వంటి వారికి పని కల్పించే సామాజిక సహకార సంఘాల్లో కనీసం 30 శాతం పనివారు అటువంటివారే అయి ఉండాలంది. 1959లో ముంబైలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్‌లో అయితే అప్పడాలు చేసే ఆడవాళ్ళే సహ యజమానులు. ఇన్ని కొలతల్లో నాకు పనికివచ్చినవి రెండే. మిగిలిన డబ్బు ఎక్కడికి పోవాలో ఎవరు నిర్ణయిస్తారు? సంస్థ మూతపడితే సామాను ఎవరి ఇంటికి పోతుంది?

ఈ రెండో ప్రశ్న అపశకునమని మీ నాన్న అంటాడు. అననీ. నేను చూసింది చెబుతాను.

మన జిల్లాలోనే ఒక స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్ళ కిందట ఆడవాళ్ళ కోసం కుట్టు కేంద్రం పెట్టింది. సంస్థ పేరు చెప్పను. పెట్టినవాళ్ళలో దొంగలెవరూ లేరు. వాళ్ళ పుస్తకాలు రాసింది నేనే కనుక ఆ మాట గట్టిగా చెప్పగలను. దాతలిచ్చిన డబ్బుతో మిషన్లు కొన్నారు. చేరిన ప్రతి మహిళ దగ్గరా ఐదు వందలు వాటా ధనం అని కట్టించుకుని రసీదు ఇచ్చారు. “ఇది మీ సంస్థ, మీరే యజమానులు” అని ప్రతి సమావేశంలోనూ చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడు వాళ్ళు కొంగు సర్దుకుని నిటారుగా కూర్చోవడం నాకు ఇప్పటికీ గుర్తే. కూలి మాత్రం పీసు లెక్కన ఇచ్చేవారు. పీఎఫ్ సంగతి ఎత్తితే యజమానులకు పీఎఫ్ ఏమిటి అన్నారు. ఏడాది చివర లెక్క చూపించమంటే అది ట్రస్టు బోర్డు చూసుకునే విషయం, మీకెందుకు అన్నారు. అంటే పీఎఫ్ అడిగిన రోజు వాళ్ళు యజమానులు, లెక్క అడిగిన రోజు కూలివాళ్ళు. ఆ తప్పు మొదటి రోజునే జరిగిపోయింది. పనులు సాఫీగా నడిచినన్నాళ్ళూ ఎవరికీ కనిపించలేదు, అంతే.

తరువాత నగరంలోని ఒక కంపెనీ బడి సంచులకు పెద్ద ఆర్డరు ఇచ్చింది. గుడ్డ, జిప్పులు అప్పుకు తెచ్చారు. కరెంటు వచ్చే వేళను బట్టి ఆడవాళ్ళు రాత్రి కూడా కూర్చుని కుట్టారు. సరుకు వెళ్ళాక కుట్టు వంకరపోయిందని కొంత తిప్పి పంపారు, మిగిలినదానికి బిల్లు నెలల తరబడి ఆపారు. అప్పుడు మా మేనేజరు ఆడవాళ్ళను కూర్చోబెట్టి, “మన సంస్థే కదా, కొంచెం ఓర్చుకోండి” అన్నాడు. వాళ్ళు ఓర్చుకున్నారు. తనదనుకున్నదాని కోసం మనిషి ఎంతైనా ఓర్చుకుంటుంది. ఇంట్లో బియ్యానికి మాత్రం మైక్రో ఫైనాన్స్ వాళ్ళ దగ్గర అప్పు తీసుకుని వారం వారం కిస్తీ కట్టారు. ఆ కంపెనీలు కూడా బీదలకు అప్పు అందించే సేవ పేరుతోనే వచ్చాయి, వాటిలో ఒకటి 2010లో షేరు మార్కెట్టుకు కూడా వెళ్ళింది. బలవంతపు వసూళ్ళ మీద గగ్గోలు పుట్టి అదే సంవత్సరం అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మా కేంద్రం అప్పటికే మూతపడింది.

మిషన్లు లారీకి ఎక్కించే రోజున కిటికీ పక్క మిషను మీద కుట్టే ఆవిడ తన ఐదు వందల రసీదు పట్టుకుని వచ్చింది. నాలుగు మడతలు పెట్టి పసుపు డబ్బాలో దాచిందేమో, పచ్చబడి మడతల దగ్గర చిరిగింది. కింద సంతకం నాది. “అమ్మా, ఈ కాయితానికి నా మిషను వస్తాదా?” అని అడిగింది. రాదు తల్లీ. మిషన్లు ట్రస్టు ఆస్తి. ఆ రసీదు ఏ చట్టం కిందా వాటా కాదు. మా పుస్తకంలో ఆ పద్దు విరాళాల కింద ఉంది, అలాగే రాయమని ఆడిటరు చెప్పాడు. ఐదు వందలు మేనేజరు తన జేబులోంచి తీసి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

అందుకే నువ్వు ఇరవై మంది అనగానే నాకు గుండె దడదడలాడింది. పది మంది అయితే పనివారి వైద్య బీమా ఈఎస్‌ఐ, ఇరవై మంది అయితే పీఎఫ్ వర్తిస్తాయి. పంతొమ్మిది దగ్గర ఆపమని చెవిలో చెప్పే ఆడిటర్లు నీకూ దొరుకుతారు. అటువంటివాడికి కాఫీ ఇచ్చి పంపించు. వేడి పాకం మీద పడి చేయి కాలితే ఈఎస్‌ఐ కార్డే ఆమెకు ఆసుపత్రి. కూలి తేదీ ఒకటి పెట్టుకుని, కనీసం రెండు నెలల కూలి డబ్బు వేరే ఖాతాలో పడిన తరువాతే మొదటి కిలో కాయలు కొను. కొనుగోలుదారు బిల్లు ఆపితే ఆ భారం మోయవలసింది నువ్వూ నీ బ్యాంకూ, వాళ్ళు కాదు.

ఏడాది పాటు జీతం తీసుకోకుండా పనిచేస్తానని అన్నావట. చాలా గొప్ప పని చేస్తున్నాననుకున్నావేమో! జీతం తీసుకోని మనిషి ఎదుటివాళ్ళు కూడా కూలి కోసం ఎదురుచూడాలని తెలియకుండానే కోరుకుంటుంది. నేను అటువంటివాళ్ళ కింద పనిచేశాను. నీ పేరు కూడా రిజిస్టరులో రాయించి నెల నెలా తీసుకో, చిన్న మొత్తమైనా సరే. నువ్వు పస్తులుండి సంస్థను నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. చిన్నప్పుడు అన్నం తినమంటే ఊరంతా పరుగెత్తించినదానివి, ఇప్పుడైనా వేళకు తిను.

ఊరికి మేలు జరుగుతుందని నీ పత్రంలో రాశావట. జరుగుతుంది, అందరికీ ఒకేలా జరగదు. వాన పంట శెనక్కాయ కాయగానే లారీలెక్కి పోయే జిల్లా మనది. దాన్ని ఊళ్ళోనే వేయించి చిక్కీ చేస్తే ఆ విలువలో కొంత ఇక్కడ ఉంటుంది, వలస పోయే ఇళ్ళలో కొన్నైనా ఆగుతాయి. అయితే నువ్వు ఏడాది పొడవునా సరిగ్గా కూలి ఇస్తే కలుపు రోజుల్లో, కాయలు ఒలిచే రోజుల్లో పొలం కూలి రేటు పెరుగుతుంది. కూలివాళ్ళు దొరకడం లేదని ముందుగా గొణిగేది మీ నాన్నే. చిన్న రైతులకు అది నిజంగానే కష్టం కనుక వాళ్ళ మాట తీసిపారేయకు, కాయలు వాళ్ళ దగ్గరే తూకంలో మోసం లేకుండా, మండీ కంటే త్వరగా డబ్బిచ్చి కొను. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఏర్పడిన ధరణి సహకార సంఘం రైతులనే సభ్యులుగా చేసుకుని పంట కొని అమ్ముతోంది. వెళ్ళి ఒక రోజంతా వాళ్ళ పుస్తకాలు చూసి రా.

ఇంకొకటి, ఎవరూ నీకు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. పాకం దగ్గర ఎవరు నిలబడతారు, ప్యాకింగులో ఎవరు కూర్చుంటారు, నేల ఊడ్చేది ఎవరు అన్నది నువ్వు నిర్ణయించకపోతే ఊరు నిర్ణయిస్తుంది, ఊరు కులాన్ని బట్టే నిర్ణయిస్తుంది. మొదటి వారం నుంచే పనులు వంతులవారీగా మార్చు. ఎవరైనా అలిగి మానేస్తే మానేయనీ.

ఏ రూపంలో నమోదు చేయాలన్నది నీ ఇష్టం. కంపెనీల చట్టం 8వ సెక్షను కింద పెడితే లాభాలు పంచకూడదు, మూసివేస్తే మిగిలిన ఆస్తి అటువంటి ఉద్దేశమే ఉన్న మరో 8వ సెక్షను కంపెనీకో, చట్టం చెప్పిన నిధికో పోవాలి. బ్రిటన్‌లో 2005 నుంచి నమోదవుతున్న కమ్యూనిటీ ఇంటరెస్ట్ కంపెనీలకు కూడా ఆస్తి పక్కదారి పట్టకుండా ఇటువంటి కట్టుబాటే ఉంది. అయితే 8వ సెక్షను పనివారికి తనంతట తాను ఓటు ఇవ్వదు. మ్యాక్స్ అని మనం పిలిచే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలో సభ్యులకు మనిషికొక ఓటు, మిగులులోనూ హక్కు ఉంటాయి, కానీ సమావేశాలూ ఎన్నికలూ వాదులాటలూ తప్పవు. నీకు తొందర ఎక్కువ కనుక కంపెనీ వైపే మొగ్గుతావు. సరే, అలాగే కానివ్వు, అయితే బోర్డులో ఇద్దరు పనివాళ్ళను వాళ్ళే ఎన్నుకునేలా నియమావళిలో రాయించు. ఆ నియమావళి తెలుగులో ఉండాలి. మూడు నెలలకొకసారి జమాఖర్చులు వాళ్ళ ముందు చదివి వినిపించాలి. వాటా అని ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకు. తీసుకుంటే రసీదు కాదు, చట్టప్రకారం వాటా పత్రమే ఇవ్వాలి.

ముసాయిదా తయారవగానే సంతకం పెట్టకముందే నాకు పంపు. ఫోనులో ఫోటోలు తీసి పంపితే నాకు కనబడవు, జిరాక్స్ తీసి మీ నాన్న చేతికిచ్చి పంపు. మూసివేతకు సంబంధించిన పేజీని మాత్రం పైన పెట్టు.

ఆశీస్సులతో,
మీ అత్త