60 దాటాక పిల్లికూతలు మొదలైతే అది ఉబ్బసమేనా?

మీ నాన్నగారికి 60 దాటాక కొత్తగా పిల్లికూతలు వస్తున్నాయి, ఉబ్బసమేనా అని అడిగారు. అప్పుడే ఆ ముద్ర వేసేయకండి. ముందు ఆయన కంట్లో చుక్కలేమైనా వేసుకుంటున్నారేమో చూడండి.

ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే మా అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. చేతులు రెండూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా ఈల. పక్క గదిలోకి వినిపించేంత. అంతకుముందు ఆవిడకి ఆయాసమంటే ఏమిటో తెలియదు. దుమ్మన్నారు, చలిగాలి అన్నారు, వయసన్నారు. ఇన్‌హేలర్ పీలిస్తే కాసేపు నయం, తెల్లారేసరికి మళ్లీ మామూలే. అలా నాలుగు నెలలు.

చివరికి ఒక డాక్టరు గారు వాడే మందులన్నీ తెమ్మన్నారు. బీపీ బిళ్లలు, థైరాయిడ్ బిళ్లలు బల్ల మీద పెట్టాను. "కంట్లో ఏమైనా వేసుకుంటారామ్మా?" అని ఆయన అడిగితే అప్పుడు అమ్మ పర్సులోంచి చిన్న సీసా తీసింది. టిమోలాల్. గ్లాకోమాకి, అంటే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బుకి, రోజూ రెండు పూటలా వేసుకునేది. అదీ ఒక మందేనని మాకెవరికీ తోచలేదు!

కంట్లో వేసిన చుక్క కన్నీటి నాళంలోంచి ముక్కులోకి దిగి, అక్కడ రక్తంలో కలుస్తుంది. టిమోలాల్ బీటా బ్లాకర్ అనే రకం మందు, గుండె వేగాన్ని తగ్గించే మందుల జాతి. కొందరిలో ఊపిరి గొట్టాలను బిగించేస్తుంది. కంటి డాక్టరు వేరే రకం చుక్కలకి మార్చారు, పది రోజుల్లో ఈల ఆగిపోయింది.

నాకు ఇప్పటికీ కోపమే. కంటి దగ్గరికెళ్తే ఊపిరి సంగతి అడగరు, ఊపిరి దగ్గరికెళ్తే కంటి సంగతి అడగరు. హెచ్చరికేమో మందు పెట్టెలోని కాగితం మీద, చూపు తగ్గిన మనిషి చదవలేనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మీ నాన్నగారికి చుక్కల అలవాటు లేకపోతే, పడుకున్నప్పుడు ఎక్కువై లేచి కూర్చుంటే తగ్గుతోందా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా చూడండి. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ఇలాగే ఈల వస్తుంది, ఎకో (గుండె స్కానింగ్) తీయించాలి. సిగరెట్లు తాగిన మనిషైతే సీవోపీడీ, అంటే ఊపిరి గొట్టాలు దెబ్బతిని ఇరుకైపోయే జబ్బు, కావచ్చు; గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షలో తేలుతుంది. ఈల ఒక వైపే వినిపిస్తోందని డాక్టరు అంటే మాత్రం ఆలస్యం చేయకండి. ఊపిరి గొట్టంలో ఏదైనా ఇరుక్కుని ఉండొచ్చు, గడ్డ కూడా కావచ్చు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చుక్కలు వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. ఆ సీసా తీసుకుని రేపే ఇద్దరు డాక్టర్లకీ చూపించండి.