డేనిష్ సినిమాలో ఎక్కడ నవ్వాలి?

కోపెన్‌హాగెన్ వచ్చి మూడు నెలలైన తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఆఫీసువాళ్ళతో కలిసి ఒక సినిమా చూశాను. తెర మీద మనిషి దెబ్బలు తింటుంటే వాళ్ళంతా పడీపడీ నవ్వుతున్నారు. నేనొక్కణ్ణే బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. లోపం నాలో ఉందా, వీళ్ళలోనా?"

ఎవరిలోనూ లేదు తమ్ముడూ. వచ్చిన కొత్తలో నేను లైబ్రరీ నుంచి ఒక డేనిష్ డీవీడీ తెచ్చాను. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ లేవు. నేనూ మీ వదినా రెండు గంటలు మౌనంగా చూసి, పాపం ఎంత కష్టం వచ్చింది అనుకున్నాం. తీరా చూస్తే అది కామెడీ! అందుకే, సినిమా తెచ్చుకునే ముందు అట్ట వెనక చూసుకో. ఇక్కడ అమ్మే డేనిష్ సినిమాలకి ఇంగ్లీష్ అక్షరాలు ఉంటాయన్న గ్యారంటీ లేదు. థియేటర్‌లోనే చూడాలనుంటే గోథర్స్‌గేడ్ వీధిలో సినెమాటెకెట్ ఉంది. డేనిష్ సినిమాలు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో వేసే ఆటలు అక్కడ దొరుకుతాయి.

మొదట 2005లో వచ్చిన 'ఆడమ్స్ ఆపిల్స్' చూడు. దర్శకుడు ఆండర్స్ థామస్ యెన్సెన్. జైలు నుంచి వచ్చిన ఆడమ్ అనే నాజీ రౌడీని ఒక పల్లెటూరి చర్చికి పంపుతారు. అక్కడి పాస్టర్ ఇవాన్ వేషం మ్యాడ్స్ మిక్కెల్సెన్‌ది. ఇక్కడుండగా ఏం సాధిస్తావని ఇవాన్ అడిగితే, ఆడమ్ వెటకారంగా ఆపిల్ కేకు చేస్తానంటాడు. ఆయన దాన్ని నిజంగానే తీసుకుంటాడు. ఇక చర్చి ఆవరణలోని ఆపిల్ చెట్టుకి కాకులు, పురుగులు, చివరికి పిడుగు!

ఆడమ్ తన గదిలో గోడకి హిట్లర్ పటం తగిలిస్తాడు. ఇవాన్ దాన్ని చూసి, మీ నాన్నగారా అన్నట్టు మర్యాదగా ఆరా తీస్తాడు. ఆ మొహంలో ఒక్క గీత కదలదు. నవ్వంతా అక్కడే ఉంది. మన సినిమాలో అయితే ఈపాటికి 'టొయ్‌య్' మని ఒక మోత, బ్రహ్మానందం మొహం క్లోజప్‌లో, నవ్వాల్సిన చోటు చేత్తో చూపించినట్టు. ఇక్కడ ఎవరూ చూపించరు. పాత్రలకి తాము కామెడీలో ఉన్నామని తెలియదు. అందుకే అక్షరాలు చదివేసి ఊరుకోకు, మొహాలు చూడు. నీకు పట్టుబడాలంటే రెండుసార్లు చూడాలి. రెండోసారికి కథ తెలుసు కాబట్టి, కళ్ళు కింద అక్షరాలకి అతుక్కుపోవు.

ఇంకో సంగతి. కింద పచ్చి ఇంగ్లీష్ బూతు పడినప్పుడు చెవి పెట్టి విను. చాలాసార్లు వాళ్ళు తలుచుకునేది దెయ్యాన్నీ నరకాన్నీ మాత్రమే. ఆ దెయ్యాన్ని రాసేటప్పుడు 'ఫాండెన్' అంటారు, పలికేటప్పుడు మధ్యలో 'డ' మింగేసి 'ఫానెన్' అంటారు. నేర్చుకున్నావు కదా అని సోమవారం మీటింగ్‌లో వాడేవు!

పిల్లలతో కలిసి చూడొద్దు, రక్తం ఉంది. ఊరి నుంచి అత్తగారు వచ్చి ఉంటే అసలే వద్దు. పిల్లి చచ్చిపోయే సీనుకి నువ్వు నవ్వావంటే, ఆవిడకి నీమీదున్న మంచి అభిప్రాయం కాస్తా పోతుంది.

చర్చి గంటలు మోగినప్పుడల్లా ఆ హిట్లర్ పటం గోడ మీంచి ఊడిపడుతుంది. మొదటిసారి నీకు ఏమీ అనిపించకపోవచ్చు. రెండోసారి పడ్డప్పుడు నవ్వొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఇంకో సినిమా పేరు చెబుతాను.