బుజ్జీ, ఫ్లాష్ వెలగడం వేరు, ఫొటోలో పడడం వేరు

గవర్నర్‌పేట, విజయవాడ

బుజ్జీ,

అండమాన్ వెళ్లి నీళ్లలో ఫొటోలు తీస్తావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో నా తర్వాత కెమెరాని సముద్రంలోకి దించేది నువ్వేనని గుండె పొంగింది. ఆ వెంటనే చేతులు చల్లబడ్డాయి. రాత్రంతా నిద్ర లేదు.

స్ట్రోబ్‌లని, అదే నీళ్లలో వాడే బయటి ఫ్లాష్‌లని, తీగతో కాకుండా వెలుగుని మోసే ఫైబర్ కేబుల్‌తో వెలిగిస్తానన్నావట, మంచి పని. ఆ తీగ, అదే సింక్ కార్డు, పిన్నుల్లోకి ఒక్క ఉప్పునీటి చుక్క చేరినా చిలుము పట్టి కూర్చుంటుంది. ఫైబర్‌లో కరెంటే లేదు. నీళ్లు చొరని పెట్టెలో, అదే హౌసింగ్‌లో, కెమెరా ఫ్లాష్ మెరిస్తే ఆ వెలుగు కేబుల్ గుండా వెళ్లి స్ట్రోబ్ కంటికి తగులుతుంది, అప్పుడది వెలుగుతుంది. మన స్టూడియోలో గొడుగు లైట్లకి, ఇంకో ఫ్లాష్ మెరుపు చూసి వెలిగించే స్లేవ్ పెట్టేవాళ్లం చూడు, అదే.

హౌసింగ్‌లోకి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగుకి వెంట్రుక కూడా అంటకుండా చూసుకో. పైకి వచ్చాక అన్నీ మంచినీళ్లలో నానబెట్టు.

కేబుల్‌ని హౌసింగ్‌కి, స్ట్రోబ్‌కి తగిలించే అడాప్టర్ దగ్గర తొందరపడకు. కేబుల్ కొస దాన్లో చివరిదాకా కూర్చోవాలి. కొసని కొత్త బ్లేడుతో తిన్నగా కొయ్యి. ఏటవాలుగా తెగితే వెలుగు పక్కకి పోతుంది, మరీ వంచినా పోతుంది. గది చీకటి చేసి, రెండో కొస అరచేతికి ఆనించి షట్టర్ నొక్కు. కందిగింజంత తెల్ల చుక్క మెరవాలి.

ఇప్పుడు అసలు సంగతి. 2009లో హావ్‌లాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, స్ట్రోబ్‌తో నా మొదటి డైవ్. ఇంట్లో పదిసార్లు నొక్కి చూశాను, పదిసార్లూ భగ్గుమంది. ఆ ధీమాతో దిగాను. 18 మీటర్ల లోతులో పగడాల సందున లయన్ ఫిష్ కదలకుండా నిలబడింది. నొక్కాను. కళ్లముందే ఫెళ్లున వెలిగింది. తెర మీద చూస్తే చేప నీలంగా, బూడిదలో ముంచినట్టుంది. ఆ లోతుకి ఎరుపు చేరదు, స్ట్రోబ్ వెలుగు పడితేనే తిరిగొస్తుంది. మరి నా కళ్లారా చూసిన వెలుగు ఏమైంది? పవర్ ఫుల్ పెట్టాను. కేబుల్ పీకి మళ్లీ దోపాను. మళ్లీ నీలమే.

కెమెరా ఫ్లాష్ టీటీఎల్‌లో, అంటే ఎంత వెలగాలో తనే లెక్కేసుకునే పద్ధతిలో, ఉండిపోయిందమ్మా. అసలు మెరుపుకి ముందు, వెలుతురు కొలుచుకోడానికి అది చిన్న ప్రీ-ఫ్లాష్ వదులుతుంది. మాన్యువల్‌లో, అంటే మనం పెట్టిన పవర్‌తోనే వెలిగేలా, ఉన్న నా స్ట్రోబ్ ఆ మొదటి మెరుపుకే ఉన్నదంతా ఖర్చుపెట్టేసింది. షట్టర్ తెరుచుకునేసరికి దాని దగ్గర ఏమీ లేదు. రెండు మెరుపుల మధ్య వ్యవధి కంటికి ఆనదు. పెళ్లిళ్లలో జీలకర్ర-బెల్లం వేళకి, చుట్టాల చిన్న కెమెరాల్లో కళ్లు ఎర్రగా పడకుండా ముందు మెరిసే రెడ్-ఐ మెరుపులకి మన గొడుగు లైట్లు ముందే వెలిగిపోవడం ఎన్నిసార్లు చూశానో. అయినా ఆ రోజు తట్టలేదు.

ఇంతలో భుజం మీద చెయ్యి పడింది. గైడు, సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే నా గేజిని నా మొహం ముందు పెట్టాడు. 200 బార్‌తో దిగినవాణ్ణి, ముల్లు 50 దాటి ఎర్ర గీతలోకి పోయింది. అతను నా చెయ్యి వదలకుండా పైకి తెచ్చాడు. ఒక్కసారిగా పైకి తేలకూడదని 5 మీటర్ల దగ్గర ఆగిన ఆ మూడు నిమిషాలూ, నీ వేలు పట్టుకుని బీసెంట్ రోడ్డులో నడిచిన సాయంత్రమే కళ్లలో మెదిలింది. ఈ మాట మీ పెద్దమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

అందుకని, కెమెరా ఫ్లాష్‌ని మాన్యువల్‌లో, అన్నిటికన్నా తక్కువ పవర్‌లో పెట్టు. స్ట్రోబ్‌కి కావలసింది సైగ మాత్రమే, బ్యాటరీ కూడా మిగులుతుంది. నీ కెమెరాలో ఆ వీలు లేకపోతే, ప్రీ-ఫ్లాష్‌ని వదిలేసే సెట్టింగు స్ట్రోబ్‌లో ఉందేమో వెతుకు. కిందికి వెళ్లాక స్ట్రోబ్ మొరాయిస్తే అక్కడ రిపేరు పెట్టుకోకు. ఆపేసి, ఆ చేపని కళ్లతో చూసి రా. ప్రతి రెండు మూడు ఫొటోలకి గేజి చూడు. చూస్తావు కదూ?

ట్రయల్ కోసమని కృష్ణలో దిగకు, పున్నమి ఘాట్ దగ్గరైనా సరే. బ్యారేజీకి 70 గేట్లు, ఎప్పుడు ఎన్ని ఎత్తుతారో నీకేం తెలుసు? మన డాబా మీద నీళ్ల డ్రమ్ము చాలు.

నా పాత అడాప్టర్లు రెండు బీరువాలో ఉన్నాయి. ఆదివారం రా, పెద్దమ్మ పులిహోర చేస్తానంటోంది. గది చీకటి చేసి, బల్ల మీద కుంకుమ భరిణె పెట్టి తీద్దాం. స్ట్రోబ్ వైపు చూడొద్దు, ఫొటోలో కుంకుమ ఎర్రగా పడిందో లేదో చూద్దాం.

మీ పెదనాన్న